కోరుట్ల తొక్కుజాడిలో బూజాసుర వధ

పగలు పోలీసు జీపులును, పొద్దుగూకిన పిదప నక్సలైటు అన్నల అడుగులును ఊళ్ళనేలుచుండిన పందొమ్మిదివందల ఎనభై ఆరవ సంవత్సరమున, వారము దినములుగా ముసురు విడువని శ్రావణ మాసమున, మేడిపల్లిలోని తన దొరగడికి తాళము వేసి, అన్నలకు వెరచి కోరుట్లలో కిరాయి ఇంట తలదాచుకొనిన బాపు రావు గారి వంటింట, మధ్యాహ్న భోజనవేళ, ఘోర సంగ్రామమొకటి సంభవించెను.

శత్రువు బూజాసురుడు. మామిడితొక్కు జాడిలో, రక్తవర్ణ తైలసముద్రముపై శ్వేతచ్ఛత్రము పట్టి, ఆకుపచ్చ పతాకమెత్తి కొలువుదీరియుండెను. వాని సంహారమునకు కంకణము కట్టినది కోడలు సుమతి. జాడికి కోటగోడయై నిలిచినది అత్తగారు రుక్మిణీదేవి. ఇరువురి నడుమ పణముగా నున్నది సుమతి కూతురు, ఆరేండ్ల రమ కడుపు. ఆ చిన్నారి అప్పటికే కంచము ముందు కూర్చుండి, "బాపమ్మా, తొక్కు!" అని నాయనమ్మను పిలిచి శంఖము పూరించెను.

"ఆగుండ్రి అత్తమ్మా!" అని సుమతి గరిటెకు అడ్డుపడి సింహనాదము చేసెను. "బూజు పైపైన గీకితె పోదట. లోపట విషముంటదట. పొద్దుగాల రేడియోల డాక్టరు చెప్పిండు. మొత్తం పారబోయాల్నట."

రుక్మిణీదేవి ప్రళయమేఘమువలె ఉరిమెను. "రేడియోనా? గా రేడియోల్నే గద, ఊర్లల్ల అంత మంచిగున్నదన్నరు! మరి మనం గీ కిరాయింట్ల ఎందుకున్నం? తొక్కుకు విషమేంది? కండ్లు వడ్డయ్. జాడి దించిన్నాడే పక్కింటి శంకరవ్వ 'అబ్బ, ఎంత ఎర్రగున్నది' అన్నది. గప్పుడే అనుకున్న. గింత తీసేసి నూనె పోస్తె అయిపాయె!" అని గరిటెను గదవలె ఎత్తెను.

తన బి.ఎస్సీ. పట్టా పెట్టె అడుగున తుప్పుపట్టిన ఖడ్గమని గ్రహించి, సుమతి తత్‌క్షణమే ఆయుధము మార్చెను.

"నిజమే అత్తమ్మా, శంకరవ్వ కండ్లు మంచియి గావు. మరి దిష్టి తగిలినదాన్ని పిల్లకు పెడ్తమా? నాలుగు తొవ్వల కాడ పారబోస్తం గని."

గరిటె గాలిలో నిలిచెను. రుక్మిణీదేవి మనుమరాలిని చూచెను, జాడిని చూచెను.

"నేను మొదాలుసంది అంటున్నదే గది! నీకిప్పుడు సమజైందా?" అని కోడలిని గద్దించి, గడి విడిచిన నాటినుండి వాకిలి దాటని ఆ మహారాజ్ఞి, జాడిని చంకనిడుకొని, గొడుగైనను మరచి, ముసురులో దండయాత్ర వెడలెను.

మరలివచ్చునప్పటికి జాడి ఖాళీ. "దిష్టి తొక్కుకు తగిలింది, జాడికి గాదు," అని తీర్పు చెప్పెను. "అంచులకు అంటుంటదేమో అత్తమ్మా," అని సుమతి పరమభక్తితో మరుగుచున్న నీళ్ళు జాడిలో పోసెను.

కావున వినుడు, వినుడు! ఆ దినమున రేడియో గెలువలేదు, డాక్టరు గెలువలేదు, ఏ పాపమెరుగని శంకరవ్వ దారుణముగా ఓడెను. అయినను రమ పప్పన్నము తిని, తొక్కుకై ఏడ్చి, నిద్రించి, కడుపునొప్పి లేక లేచెను. కోరుట్లలో ఆ వారమున ఇంతకుమించిన విజయము మరెవ్వరికిని దక్కలేదు.