నలభై తొట్ల మర్యాద

ఆ సోమవారం పొద్దున వెనింగ్ వేసుకున్న లెక్క తేలికైనదే. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఏటి ఒడ్డు వాడ. నలభై ఇళ్లు, నలభై స్నానాల తొట్లు. టార్చిలైటు కొట్టి ఎన్నిటిలో దోమపిల్లలు ఈదుతున్నాయో రాసుకోవాలి. పదింటికల్లా ప్రజారోగ్య కళాశాలకు వెళ్లి ప్రొఫెసర్ దర్సోనో బల్లమీద ఆ కాగితం పెట్టాలి. ఆ లెక్క లేనిదే పరిశోధన లేదు, పరిశోధన లేనిదే పట్టా లేదు. అప్పటికే ఏడాది వెనకబడింది.

తీరా చూస్తే నలభై తొట్లూ అద్దాల్లా ఉన్నాయి. దోమపిల్ల మాట అటుంచి, నాచు మరకైనా లేదు.

తప్పు ఆమె రాసిన ఉత్తరానిదే. వాడలో అడుగుపెట్టే ముందు వీధిపెద్దకు ఉత్తరం ఇవ్వడం అక్కడి మర్యాద. విశ్వవిద్యాలయం నుంచి చుట్టం వస్తోందని ఆయన ఆదివారం ఊరందర్నీ పోగేసి తొట్లు తోమించాడు. అరటిపండు బజ్జీలు కూడా పంచారట.

వెనింగ్ నడుం బిగించి మహిళా సంఘం పెద్ద మర్సియెం గడప తొక్కింది.

"పెద్దమ్మా, నాకు ఆ పురుగులే కావాలి. రెండు వారాలు తొట్ల జోలికి పోకండి."

"ముందే చెప్పొద్దూ తల్లీ? చుట్టాన్ని ఉత్తచేతుల్తో పంపితే మా వాడ పరువేం కాను."

రెండు వారాలకు ప్రొఫెసర్ కూడా వెంట వచ్చాడు. ప్రతి గడప మీదా ఒక సీసా, మూతికి గుడ్డ, పైన ఇంటి నంబరు. లోపల దోమపిల్లలు కిటకిటలాడుతున్నాయి. పదిహేడో ఇంటి సారింతెన్ తొట్లో పుట్టకపోతే, పందెం చేపలకు మేత అమ్మేవాడి దగ్గర కొనుక్కొచ్చింది. ఇరవైమూడో ఇంటావిడ తనవి బక్కగా ఉన్నాయని పక్కింటివి కలిపింది. దర్సోనో సీసాలను చూశాడు, వెనింగును చూశాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పది రోజుల్లో నిజమైన లెక్క తేకపోతే వేరే విషయం వెతుక్కోమన్నాడు.

ఆమె తగ్గలేదు. ఈసారి ఉత్తరం లేదు, కబురు లేదు. తెల్లవారుతూనే వెనక సందులోంచి దూరింది. రెండో ఇంట్లో టార్చి వెలిగేసరికి నలభయ్యో ఇంటికి వార్త చేరింది. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని మర్సియెం పరుగున వచ్చింది.

"ఆగు తల్లీ. ఈసారి ఉండాలా, ఉండకూడదా? అది చెప్పు ముందు."

వెనింగ్ టార్చి ఆర్పి మురుగుకాలువ గట్టుమీద కూలబడింది. జనం చేత మాట వినిపించడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఆమె రెండేళ్లుగా చదువుతోంది.

"ఉండకూడదు పెద్దమ్మా. వానలు వెళ్లేదాకా."

"అంతేగా," అని మర్సియెం ఇల్లిల్లూ చెప్పడానికి వెళ్లిపోయింది.

ఆ వానాకాలం అవతలి ఒడ్డు వాడలో పదకొండు మంది డెంగీ జ్వరంతో మంచమెక్కారు. ఇవతల ఒక్కరూ లేరు. వెనింగ్ పాత కాగితాలు చించేసి, రెండు వాడలనూ పక్కపక్కన పెట్టి కొత్తగా రాసింది. పరీక్షనాడు దర్సోనో అన్ని పుటలూ రెండుసార్లు తిరగేశాడు.

"ఇంతకీ నువ్వు వాడిన పద్ధతేమిటమ్మా?"

"అడిగానండి."

కొట్టేయడానికి ఏమీ దొరక్క ఆయన సంతకం పెట్టాడు.

ఆ మరుసటి వారం తమ కాలనీలో తొట్లు తోమించమని తానే ఇల్లిల్లూ అడగడానికి బయల్దేరాడు. ఇంతవరకూ ఎవరూ గేటు తీయలేదు.