గిటారు సంఘం వారి శ్రోత

గిటారు వాయించేవారి, సొంత పాటలు కట్టుకునేవారి సంఘం ఆ ఆదివారం ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. సంఘంలో పద్దెనిమిది మంది గాయకులున్నారు, పద్దెనిమిది మంది గీత రచయితలున్నారు, ముప్ఫై నాలుగు గిటార్లున్నాయి. వినేవాళ్లు మాత్రం లేరు. కావున తక్షణం ఒక శ్రోతను నియమించుకోవాలి. గాయకులూ రచయితలూ కలిపి ముప్ఫై ఆరుగురని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. వాళ్లూ వీళ్లూ ఒకటే.

తీర్మానం ప్రతిపాదించింది సెక్రటరీ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. పగలంతా ఎవరి ఇల్లు ఎవరి పేరు మీదికి మారిందో రాస్తాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి తన ఇంటి ముందుగదిని సంఘం పేరు మీదికి మార్చేస్తాడు. ఆయన ఈ తీర్మానానికి పూనుకోవడం వెనక ఆరేళ్ల బాధ ఉంది. ఆ బాధ అర్థం కావాలంటే సంఘం సంప్రదాయాలు కొన్ని తెలియాలి.

మొదటిది: ఒకరు పాడుతున్నప్పుడు మిగతా పదిహేడు మందీ తమ గిటార్లు శ్రుతి చేసుకుంటారు. ఇది అమర్యాద కాదు, క్రమశిక్షణ. రెండోది: పాట అయిపోగానే "అద్భుతం" అని, వెంటనే "ఏ తీగలు వేశారు?" అని అడుగుతారు. పాట దేని గురించో అడిగిన మనిషి సంఘం చరిత్రలో ఒకే ఒక్కడున్నాడు. అతను దారి తప్పి వచ్చాడని, అసలు పక్కింటికి వెళ్లాల్సినవాడని తర్వాత తేలింది. మూడోది: తన వంతు అయిపోయిన సభ్యుడికి ఇంట్లో అర్జెంటు పని గుర్తొస్తుంది. అందువల్ల మొదట పాడినవాడికి పదిహేడు మంది, చివర పాడినవాడికి కుర్చీలు మిగులుతాయి. సొంత ఇంట్లోంచి అర్జెంటుగా ఇంటికి వెళ్లిపోవడం వీలుకాదు కాబట్టి ప్రతి ఆదివారం చివర పాడేది సెక్రటరీయే.

ఆయనకు ఒకే ఒక్క పాట ఉంది. పేరు "అలసిన చేతులు". ఇంటా బయటా చాకిరీ చేసి అలసిపోయిన ఒక ఇల్లాలి చేతుల మీద రాసింది. నాలుగు చరణాలు, మధ్యలో గిటారు ఒంటరిగా ఏడ్చే ఘట్టం ఒకటి. ఆరేళ్లుగా ఆ పాటను మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషి విన్న పాపాన పోలేదు. భార్య వినలేదా అంటే, ఆ సమయానికి ఆవిడ వంటింట్లో పద్దెనిమిది గ్లాసులు కడుగుతూ ఉంటుంది. అయినా ఇంట్లో మనిషి వింటే అది విన్నట్టు కాదని సెక్రటరీ అభిప్రాయం. ఈ అభిప్రాయంలో సంఘం మొత్తం ఆయనతో ఏకీభవిస్తుంది.

సంఘాధ్యక్షుడు పళ్ల డాక్టరు. ముప్ఫై నాలుగు గిటార్లలో తొమ్మిది ఆయనవే. గిటారు మెడ మీద వేళ్లు ఆనించే తీరును కార్డు అంటారు. అలాంటివి వందల్లో ఉంటాయి, ఆయనకు మూడు వచ్చు. అంటే కార్డుకు మూడు గిటార్ల చొప్పున సమకూర్చుకున్న దూరదృష్టి ఆయనది. ఇక ఉపాధ్యక్షుడు ఇన్సూరెన్స్ ఏజెంటు. "రేపు అన్నది లేదు, ఈ క్షణమే నిజం" అనే అర్థంలో పదకొండు పాటలు కట్టాడు. సోమవారం పొద్దున్నే బ్యాగు తీసుకుని రేపటి గురించి జనాన్ని భయపెట్టడానికి బయల్దేరతాడు.

ఎడమచేతి వేళ్ల చివర కాయలు కాయడం సంఘంలో గౌరవచిహ్నం. సభ్యులు ఎదురుపడితే నమస్కారాలు పెట్టుకోరు, వేళ్లు చూపించుకుంటారు. సెక్రటరీ భార్య అరచేతిలోనూ కాయలున్నాయి. పోస్టాఫీసులో పద్నాలుగేళ్లుగా కవర్ల మీద ముద్ర కొడుతోంది. అయితే అవి కుడిచేతివి కాబట్టి సంఘం పరిగణనలోకి రావు.

తీర్మానం ప్రకారం బస్టాండులో, లైబ్రరీలో ప్రకటన అంటించారు. "శ్రోత కావలెను. రెండు చెవులూ పనిచేయవలెను. గిటారు ముట్టి ఉండరాదు. సొంత పాటలు ఉండరాదు. ప్రతిఫలం టీ, రెండు బిస్కెట్లు." నలభై ఒక్కమంది వచ్చారు. అందులో ఇరవై ఆరుగురు గిటారు వీపున తగిలించుకునే వచ్చారు. మిగతావాళ్లను "మీరేమైనా రాస్తుంటారా?" అని మెత్తగా అడిగితే, పద్నాలుగు మంది సిగ్గుపడుతూ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు.

మిగిలింది ఒకావిడ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది. అప్పటినుంచి అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు.

"మీరు ఏ పద్ధతిలో వింటారమ్మా?" అని అధ్యక్షుడు ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"పద్ధతి ఏముంది బాబూ? అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నేను నోరు మూసుకుంటాను."

కమిటీ మొహమొహాలు చూసుకుంది. "ఆ సమయంలో మీ వంతు వస్తే ఏం పాడాలా అని ఆలోచించరా?" అని ఏజెంటు గుచ్చి అడిగాడు.

"నా వంతు ఎందుకొస్తుంది?"

ఇంత కొత్త విధానం తామెక్కడా చూడలేదని కమిటీ రికార్డులో రాసుకుని, ఆవిణ్ణి నియమించింది.

మొదటి ఆదివారం ఆపరేటరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, పదిహేడు పాటలూ వింది. ఒక్కొక్క పాట తర్వాత "విన్నాను" అంది, అంతే. సభ్యులకు ఒళ్లు పులకరించింది. పెళ్లాం పిల్లలు, ఆఫీసు, పక్కింటివాళ్లు, ఎవరి నోటా రాని మాట అది. వచ్చే వారం ఆ మాట మళ్లీ అనిపించుకోవడానికి ముగ్గురు కొత్త గిటార్లు కొన్నారు. సెక్రటరీ మాత్రం, ఆవిడ చెవి ఎలాంటిదో తేలేదాకా తన పాట పాడకుండా దాచుకున్నాడు.

"విన్నాను" దగ్గర ఆగి ఉంటే సంఘం ఈపాటికి బంగారు యుగంలో ఉండేది. కానీ మనిషికి ఆశ అక్కడ ఆగదు కదా. మూడో ఆదివారం అధ్యక్షుడు తన పాట ముగించి, "ఎలా అనిపించిందమ్మా?" అని అడిగాడు. దారుల వెంట తిరిగే దేశదిమ్మరి పాట అది. ఆయన పదకొండేళ్లుగా ఇంటికీ క్లినిక్కుకీ మధ్య తప్ప ఎక్కడా తిరగలేదు.

ఆపరేటరమ్మ కళ్లు తెరిచి, "ఆ అబ్బాయి మొదటి చరణంలోనే ఇల్లు వదిలి వెళ్లిపోతున్నానన్నాడు. ఐదో చరణం దాకా ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు బాబూ. ఏమైనా మర్చిపోయాడా?" అంది.

శ్రుతి చేసుకుంటున్న చేతులు ఆగాయి. తర్వాత ఏజెంటు పాడాడు.

"మీది పోయినవారం పాటే కదూ?"

"కాదు ఆపరేటరమ్మా. దానికి మామూలు తీగలు, దీనికి వెండిపూత తీగలు."

"తీగలు మార్చి ఉండొచ్చు నాయనా. నంబరు మాత్రం అదే."

ఆ వారం పదిహేడు మందీ గాయపడ్డారు. పద్దెనిమిదో మనిషి లోపల్లోపల పొంగిపోయాడు. వీళ్లవి ఉత్త పాటలు కాబట్టి ఆవిడ ఉతికి ఆరేసింది. నిజంగా వినే మనిషికి నిజమైన పాట దొరికితే ఏమవుతుందో వచ్చే ఆదివారం తెలుస్తుంది అనుకున్నాడు సెక్రటరీ. ఆఫీసులో ఆ వారం రెండు సేల్ డీడుల్లో కొన్నవాడి పేరూ అమ్మినవాడి పేరూ తారుమారు చేశాడు.

నాలుగో ఆదివారం ఒక విచిత్రం జరిగింది. పాడేసినవాళ్లకు ఇంట్లో పని గుర్తురాలేదు. సెక్రటరీకి కూడా చీవాట్లు పడితే కళ్లారా చూడాలని పదిహేడు మందీ కూర్చున్నారు. ఆరేళ్లలో మొదటిసారి చివరి పాటకు గది నిండింది.

సెక్రటరీ గొంతు సవరించుకుని, "ఇది మన అందరి ఇళ్లలోని ఒక మౌనానికి నా నమస్కారం" అని ఉపోద్ఘాతం చెప్పి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"బరువు మోసిన నీ చేతులు, కాసేపు నా చేతుల్లో పెట్టు. తెల్లారి నుంచి నిలబడ్డ నీ కాళ్లకు, ఒక్క క్షణం కూర్చునే చోటు పెట్టు..."

అందరూ ఉండిపోవడం వల్ల రెండో విడత టీ పెట్టాల్సి వచ్చింది. రెండో చరణం మొదట్లో సెక్రటరీ భార్య పంతొమ్మిది నిండు గ్లాసుల ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాట నడుస్తుండగా టీ అందించరాదని సంఘం నియమావళిలో ఏడో నిబంధన. రాసింది ఆవిడ భర్తే. కాబట్టి ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. సభ్యులు చూశారు. ఏజెంటు చెయ్యి పైకెత్తి, ఆగమని సైగ కూడా చేశాడు. గిటారు ఒంటరిగా ఏడ్చే ఘట్టం వచ్చింది. అది రెండు నిమిషాలు ఏడుస్తుంది. ట్రేలో గ్లాసులు సన్నగా గలగలమనడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు కూడా పాటలో భాగమేమో అనుకుని లెక్చరరు ఒకాయన మెచ్చుకోలుగా తలూపాడు.

మూడో చరణంలో "నీ బరువు నేను దించుతాను" అనే మాట దగ్గర ఆపరేటరమ్మ లేచింది. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లి, ట్రే అందుకుని బల్ల మీద పెట్టింది. సెక్రటరీ భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

నాలుగో చరణం ముగించి, చివరి మీటు గాలిలో కలిసేదాకా ఆగి, సెక్రటరీ కళ్లు తెరిచాడు. శ్రోత కుర్చీలో తన భార్య ఉంది. శ్రోత గ్లాసులు పంచుతోంది.

ఆయన గిటారు కింద పెట్టాడు. "ఆపరేటరమ్మా, మీరు... పాట మధ్యలో లేచిపోయారా?"

"లేచాను బాబూ."

"పదిహేడు మంది పాటలు కదలకుండా విన్నారు. నా పాటకే లేచారు."

"వాళ్ల పాటల్లో లేవాల్సిన అవసరం కనపడలేదు. మీది విన్నాను కాబట్టే లేచాను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఈలోగా సెక్రటరీ భార్య అరచేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ, "ఏవండీ, పాట బాగుంది. నేనిదే వినడం. ఎవరండీ ఆవిడ?" అని అడిగింది.

"ఎవరు?"

"పాటలో ఆవిడ. పాపం, చాలా చాకిరీ ఉన్నట్టుంది."

సెక్రటరీ ఇబ్బందిగా సభ్యుల వంక చూశాడు. "మనిషి కాదు. అదొక భావన."

"ఓహో. భావనకైతే మీరు సాయం చేస్తారన్నమాట" అని ఆవిడ బిస్కెట్ అందుకుంది.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "అద్భుతం. ఏ తీగలు వేశారు?" అన్నాడు. సభ ఊపిరి పీల్చుకుంది.

మర్నాడే విచారణ సంఘం వేశారు. ఆరోపణలు రెండు. పాట జరుగుతుండగా స్థానం విడిచిపెట్టుట. పాటను ఉన్నదున్నట్టు అర్థం చేసుకొనుట. మొదటిదానికి మందలింపుతో సరిపెట్టొచ్చు గానీ, రెండోది కళకు ప్రమాదమని అధ్యక్షుడు ప్రసంగించాడు. "ఈరోజు చేతుల పాట విని ట్రే అందుకున్నారు. రేపు నా పాట విని, మీరెప్పుడు బయల్దేరుతున్నారు డాక్టరుగారూ అని పెట్టె సర్దితే? కళను కళలాగా చూసే సంస్కారం ఉండాలి." చప్పట్లు మోగాయి.

తొలగింపు ఉత్తర్వు రాయాల్సింది సెక్రటరీయే. కాగితం ముందు పెట్టుకుని ఆయన పెన్ను మూత తీశాడు. ఆరేళ్లలో తన పాటను విన్న మనిషి ఈవిడ ఒక్కతే అని లోపలెక్కడో ఒక మాట మెదిలింది. అంతలోనే, మూడో చరణం దాకానే కదా విన్నది, అసలు గొప్పతనమంతా నాలుగో చరణంలో ఉంది అనుకున్నాడు. సంతకం పెట్టాడు. ఉత్తర్వు పోస్టు చేయమని భార్యకే ఇచ్చాడు. ఆవిడ తన కౌంటర్లోనే దాని మీద ముద్ర కొట్టింది. ఆ ఆదివారం మూడున్నరకి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు సెక్రటరీ.

"ఆపరేటరమ్మ ఇంటికి. టీకి పిలిచింది. ప్రతి ఆదివారం రమ్మంది."

"మరి ఇక్కడ టీ?"

"గ్లాసులు ఎక్కడుంటాయో చూపించనా?"

గ్లాసులెక్కడున్నాయో తెలుసుకోవడానికి సెక్రటరీకి మూడు ఆదివారాలు పట్టింది. ఆ వేదనలోంచి "అలసిన చేతులు" పాటకు ఐదో చరణం పుట్టింది. అర్థం చేసుకోని లోకంలో ఒంటరిగా మిగిలిన కవి గురించి. పాటకు పూర్ణత్వం వచ్చిందని సంఘం కొనియాడింది. ఆ నోటా ఈ నోటా పాకి, చివరికి టౌన్‌హాల్లో జరిగిన స్త్రీ శ్రమ గౌరవ సభలో ఆ పాట పాడమని సెక్రటరీకి పిలుపు వచ్చింది. వెయ్యి మంది జనం. వేదిక మీద ఉపన్యసించిన నలుగురూ మగవాళ్లే. సెక్రటరీ కళ్లు మూసుకుని ఐదు చరణాలూ పాడాడు.

హాలు వెనక తలుపు దగ్గర అప్పటికే పదిమంది ఆడవాళ్లు చీపుళ్లు, బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. సభ అయ్యాక ఊడ్చి వెళ్లాలి. పాట అయ్యేదాకా వాళ్లను లోపలికి రానివ్వలేదు, కూర్చోమనీ అనలేదు. వాళ్ల పక్కనే ఖాళీ కుర్చీలు వరుసగా ఉన్నాయి.

సెక్రటరీ కళ్లు తెరిచి భయంభయంగా జనం వైపు చూశాడు. వెయ్యి మందీ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన గుండె నిండింది. "ఈసారి శ్రోతలు ఆదర్శప్రాయంగా విన్నారు, ఒక్కరూ లేవలేదు" అని ఆ రోజు రికార్డులో రాసుకున్నాడు.

నిజమే రాశాడు. ఆ రోజు మనమూ ఆ హాల్లోనే ఉన్నాం కదా. చప్పట్లు కొట్టి కొట్టి మన అరచేతులు కూడా ఎంత మండాయో గుర్తుందా?