దుర్గవ్వ బాన, దొరగారి పొగగొట్టం

కామారెడ్డి గాలి పరమ నిర్మలమని 1939 ఎండాకాలంలో అధికారికంగా తేలింది. ఇకమీదట దగ్గదలచినవారు తమ సొంత పూచీ మీద దగ్గుకోవచ్చు.

అంతకు ముందటేడే లక్ష్మీరాజం దొరగారు చెరువుగట్టున బొగ్గుతో నడిచే కరెంటు కార్ఖానా పెట్టించి ఊరికి వెలుగు తెచ్చారు. ఊరంటే వారి కోటలాంటి ఇల్లు, అంటే గడి. వెలుగు గడికి వెళ్లింది. పొగ మాత్రం చిన్నా పెద్దా తేడా చూడకుండా అందరికీ అందింది.

అందరికంటే ఎక్కువ అందింది చాకలి దుర్గవ్వకు. ఆమె రేవు ఆ గట్టు కిందే. ఆరేసిన ధోవతి మడతపెట్టేలోగా మసి పట్టేది. మళ్లీ ఉతికితే మళ్లీ పట్టేది. ఇంకోసారి నల్లబట్టలు తెస్తే రేవు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని గడి నుంచి కబురొచ్చింది. రేవు పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. గుండె చిక్కబట్టుకుని వెళ్లి దొర ముందు నిలబడింది.

"నీ బాంచెన్ దొరా, నా చేతుల తప్పు లేదు. గా గొట్టం మసి కక్కుతున్నది. నన్నేం జెయ్యమంటవు?"

దొరగారు ధర్మప్రభువులు. వెంటనే ధూమ విచారణ సంఘం వేశారు. కామారెడ్డివాళ్లకు పొగ అలవాటై కనిపించదు కనుక ఎల్లారెడ్డి నుంచి ముగ్గురు పెద్దమనుషులను రప్పించారు. అధ్యక్షులు వకీలు హనుమాండ్లుగారు. ఎల్లారెడ్డికి కరెంటు తీగ లాగితే మొదటి దీపం వారింట్లోనే వెలగాలని అప్పటికే అనుకున్నారు.

అతిథుల కళ్లు మండకూడదని ఆ రోజు కార్ఖానా ఆపేశారు. సాయంత్రం సభకు కట్టుకోవలసిన వారి బట్టలు పొద్దున్నే దుర్గవ్వకు పంపారు. పిచ్చితల్లి, న్యాయం చెప్పే వాళ్లు తెల్లగా మెరవాలని మురికి వదిలించే చౌడుమట్టి ఉన్నదంతా పోసి, బట్టలు బానకెత్తి, కింద మంట పెట్టింది.

సంఘం గట్టెక్కి నాలుగు దిక్కులా చూసింది. కార్ఖానా గొట్టం మౌనవ్రతంలో ఉంది. ఊరు మొత్తానికి పొగ లేస్తున్నది ఒక్కచోటే.

"గీ మంటెవరిది?" అన్నారు వకీలుగారు.

"నాదే దొరా. మీ బట్టలే ఉడుకుతున్నయి."

"ఒప్పుకున్నది. రాసుకోండ్రి."

సాయంత్రం వకీలుగారు మల్లెపువ్వులాంటి షేర్వానీ తొడుక్కుని ఉపన్యసించారు: "మహాజనులారా! పొగకు మూలం దొరికింది. సదరు బాన కింద మంట ఈ క్షణం నుంచి నిషిద్ధం!" చప్పట్లు మోగాయి.

మర్నాడు కార్ఖానా నడిచింది. బాన లేక బట్టలు తెల్లబడవు కాబట్టి పెద్దమనుషులంతా నల్ల షేర్వానీలు కుట్టించుకున్నారు. మసి సమస్య అలా సమూలంగా తీరింది. రేవు పోయిన దుర్గవ్వకు దొరగారు దయతలచి బొగ్గు మోసే పని ఇచ్చారు. మసిచీరతో ఆమె వీధిన వెళ్తుంటే, ఎంత మురికి మనిషో అని జనం ముక్కు మూసుకుంటున్నారు.

ఈ సంగతి మనం కరెంటు దీపం కిందే కూర్చుని చదువుకుంటున్నాం. వెలుతురు బాగానే ఉంది. పొగ ఎక్కడా కనిపించడం లేదు.