కంబదూరు పద్దెనిమిదో మేకు

సూర్యుడు చక్రవర్తియై, సుడిగాలి సేనాధిపతియై, మేఘుడు ఎంత పిలిచినా కొలువుకు రాని సామంతుడై ఏలుచున్న అనంతపుర ఎర్రనేలల నడుమ, మొలకెత్తిన వేరుశనగ ఆకాశమువైపు మెడ సాచి చూచుచున్న శ్రావణమాసమందు, ఒకానొక మంగళవారమున, జనులు ఉదయపు టీ తాగి గ్లాసులు కింద పెట్టిన ఘడియకు సరిగా, కంబదూరులో, నూటపదేండ్ల నాటి టేకు సింహద్వారము ముంగిట ఒక మహాసంగ్రామము మొదలయ్యెను.

వీరుని నామధేయము లింగప్ప. వృత్తి వడ్రంగము. మూడు మండలాల పాతమిద్దెల పాలిట ధన్వంతరి, చెదపురుగుల పాలిట కాలయముడు, పదకొండు శిథిలగృహముల ప్రాణదాత. యౌవనమున ఊరి నాటకాలలో రాజువేషము కట్టినవాడగుటచే, ఒళ్లు మండినప్పుడు అతని నోట ఇంటిభాష నిలువదు. రంగస్థలభాష తన్నుకొని వచ్చును.

శత్రువు ఒక మేకు. ఒకే ఒక్క మేకు.

సంగతి ఇట్లుండెను. ఆ జంటతలుపులలో కుడి రెక్క వయోభారమున కిందికి జారి, గడపను రాచుకొని, ఎంత తోసినా రెండు వేళ్ల సందు మిగిల్చి నిలిచిపోవుచుండెను. రెక్కను ఎత్తి సరిచేయవలెనన్న దానిని పట్టుకొనియున్న ఇనుప పట్టీ విప్పవలెను. పట్టీకి మేకులు పద్దెనిమిది. పది గంటలకెల్ల పదిహేడు మేకులు లింగప్ప పటకారు ధాటికి ఒరిగి, రేకుడబ్బాలో వీరశయనము చేసెను. పద్దెనిమిదవది మాత్రము తుప్పుకవచము తొడిగి, చదునైన నెత్తితో, చెక్కిన పూలతీగ పక్కనే, కదలను పొమ్మన్నట్లు కూర్చుండెను.

ఇంటి యజమాని జయచంద్ర రాయదుర్గములో జీన్సు ప్యాంట్లు కుట్టించు వ్యాపారి. చెడ్డవాడు కాడు, తొందరమనిషి. ఈ మిద్దెలో ఇరవై కుట్టుమిషన్లు పెట్టవలెనని అతని సంకల్పము. అతడు వచ్చి, చెవిన ఫోను తీయకుండగనే యుద్ధనియమము ప్రకటించెను.

"లింగన్నా, ఐదు గంటలకు కొత్త తలుపు వస్తాండాది, ఆర్డరు ఇచ్చేసినా. అంతలోపల ఇది మూసుకుంటే సరి. ల్యాకుంటే గ్రైండరుతో కోసి అవతల పడేస్తాము. పాత చెక్క కావాలని బెంగుళూరాయన ఒగడు అడుగుతాండాడు."

గ్రైండరు అన్నమాట వినగానే లింగప్ప చేతిలోని సుత్తి ఒక్క క్షణము ఆగెను. నెల కిందట యాడికి అను ఊరిలో, అతడు భోజనమునకు పోయి వచ్చులోపల, ఇట్టి తలుపునే ఎవరో గ్రైండరుతో నాలుగు ముక్కలు చేసిరి. చిలుక చెక్కిన పలక, తల ఒకచోట, తోక ఒకచోట పడియుండెను. ఆనాడు అతడు సంచి భుజాన వేసుకొని బస్సెక్కెను. నాలుగు దినములు అన్నము సహించలేదు. ఆ మాట ఇంట్లోనూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"మూసుకుంటాదిలేప్పా. ఐదు ఇంకా కాల్యా కదా," అని మాత్రము అనెను.

అంతట వీరుడు తలగుడ్డ బిగించి, కిరసనాయిలుతో శత్రువుకు అభ్యంగనము చేయించి, మెత్తబడునేమోనని అరగంట వేచి, పటకారుతో పట్టి, కుడికాలు తలుపునకు తన్నిపట్టి, కండలు పొంగగా, నరములు తేలగా, వెనుకకు లాగెను. మేకు కదలలేదు. పటకారు జారెను. లింగప్ప ఇసుకకుప్పపై వెల్లకిల పడెను. లేచి, దుమ్ము దులుపుకొని, ఒక చేయి నడుమున నిలిపి, మరొక చేయి చాచి, మేకును ఉద్దేశించి ఇట్లు గర్జించెను.

"ఓరీ తుప్పుముద్దా! పదిహేడుగురు సోదరులు నేలగూలిన పిమ్మట ఏమి చూచుకొని నీకీ విర్రవీగుడు? నూరేండ్లు ఒకచోట కూర్చుంటివని రాజ్యము నీదనుకొంటివా? సూర్యాస్తమయములోపల నిన్ను పెరికి ఎండలో నిలబెట్టనేని, ఈ చేయి ఉలి పట్టిన చేయియే కాదు!"

"అన్నా..." అని లోపలినుండి ఒక కంఠము పిలిచెను. తలుపు లోపలివైపు పేరుకొన్న పాతరంగు గీకుటకు, గోడలకు సున్నము వేయుటకు వచ్చిన ఆంజినమ్మ ఆమె. యుద్ధఘోషలో ఆ పిలుపు ఎవరికి వినబడును?

మధ్యాహ్నము రెండవ దండయాత్ర. కొబ్బరినూనె పోసెను, చుట్టూ సుత్తితో తట్టెను, ఉలికొనతో పెకలింపజూచెను, మరల లాగెను, మరల పడెను. "అన్నో!" అని లోపలినుండి మరల పిలుపు వచ్చెను. ఆ వేళకు వీరుడు శత్రువు వంశమును తాతముత్తాతల వరకు ఎత్తి నిందించుచుండెను.

మూడు గంటలయ్యెను. చేతులకు బొబ్బలెక్కెను. జయచంద్ర గడియారము చూచి, గ్రైండరు వైరును ప్లగ్గు దాకా లాగి పెట్టెను. అది చూచి లింగప్ప అరుగుమీద కూలబడెను. నాటకభాష ఇంకిపోయెను. "ఇంగ నా వల్ల కాల్యా," అని తనలో తాను గొణుగుకొనెను.

ఆ నిశ్శబ్దములో, రెండు వేళ్ల సందులోనుండి ఆంజినమ్మ కన్ను ఒకటి కనబడెను.

"ఏమప్పా లింగన్నా, దాని తల ఈపక్క ఉండాది. పొద్దున్నించి నువ్వు తోక పట్టుకోని పీకుతాండావు."

లింగప్ప తల ఎత్తెను. "యాడ?"

"ఈడ. రంగు గీకితే బయటపన్నాది."

"మరి చెప్పొద్దామ్మా ముందరే!"

"రెండుసార్లు పిలిచినా. నువ్వు దాంతో మాట్లాడతాండావు. పెద్దోళ్లు మాట్లాడుకునేటప్పుడు నడమ యాల వచ్చేదిలే అనుకున్నా."

జయచంద్ర ఫోను జేబులో పెట్టి పక్కకు తిరిగెను. అతని భుజములు కదులుచుండెను.

లింగప్ప లోపలికి పోయి, మోకాళ్లమీద కూర్చుండి చూచెను. నిజమే. గుండ్రని తల లోపలివైపున నున్నది. బయట తాను తల అనుకొన్నది చదును చేసిన మొన. ఎందుకట్లు? వేలితో తడిమి చూడగా తెలిసెను. బయట పక్కనే పూలతీగ యున్నది. సుత్తి జారిన పువ్వు విరుగునని, ఆనాటి వడ్రంగి ఈ ఒక్క మేకును లోపలినుండి దిగగొట్టి, బయట మొనను మెల్లమెల్లగా తట్టి అణచినాడు. పువ్వుకు ఒక్క గీత పడలేదు.

"ఎవురోగానీ, చెయ్యంటే అదీ చెయ్యి," అని లింగప్ప మెల్లగా అనెను. ఓడిపోయినందుకు అతనికి కోపము రాలేదు. యాడికిలో ఆ తలుపు ముక్కలైన తరువాత అతని ముఖమున నవ్వు వచ్చుట అదే మొదలు.

అటుపై యుద్ధమెంత? బయటికి వచ్చి, ఆకురాయితో మొనచుట్టు పావుగంట రాచి, దానిపై సన్నని ఇనుపకడ్డీ ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ. ఒకే ఒక్క దెబ్బ! ఐదు గంటలకు పైగా కొండవలె నిలిచిన మహాశత్రువు లోపలివైపు జారి, ఆంజినమ్మ గీకిన రంగుపెళ్లలలో నిశ్శబ్దముగా పడెను.

పట్టీ విడెను. రెక్క లేచెను. అంచుకు చిత్రిక పట్టి, కొత్త మరలు బిగించి, ఐదుకు పది నిమిషములుండగా లింగప్ప రెండు రెక్కలను దగ్గరకు తోసెను. 'టక్' మనెను. ఎర్రదుమ్ము వెలుపలనే నిలిచిపోయెను. జయచంద్ర వచ్చి అతుకు వెంట పైనుండి కిందికి గోరు నడిపెను. గోరు ఎక్కడను దిగలేదు. అతడు గ్రైండరు వైరు తానే చుట్టిపెట్టెను. అంతలో కొత్త తలుపుతో వ్యాను వచ్చి ఆగెను.

"దించొద్దప్పా," అని జయచంద్ర డ్రైవరుతో చెప్పి, ఒక క్షణము ఆలోచించి, "సరే, దించులే. బాత్‌రూముకు పెట్టుకుంటాము," అనెను.

సకలజనులారా, వినుడు! ఈ విధముగా కంబదూరు రణాంగణమున, నాలుగంగుళముల పొడవు, చిటికెనవేలి లావు గల దుర్జయశత్రువును, ఒక మహావీరుడు, ఒక మహాప్రజ్ఞావతి మాట వినిన తక్షణమే జయించి, రెండు వేళ్ల సామ్రాజ్యమును గాలి చెరనుండి విడిపించెను. దిక్కులు జయధ్వానము చేయబోవుచుండగా తలుపు లోపలినుండి కేక వచ్చెను.

"మూసినారు సరే, తీయండప్పా! రెండు చేతుల్లో సున్నం బక్కెట్లు ఉండాయి!"

విజేత ఒక వేలితో తోసెను. తలుపు తెరుచుకొనెను.