కొండలయ్య కాపాడిన పన్ను

పుచ్చిన పన్నును మించిన ఆస్తి మనిషికి ఇంకొకటి లేదు. నమ్మరా? పొలం ఎండిపోతుంది, బంగారం బ్యాంకులో కూర్చుంటుంది. పుచ్చిన పన్ను మాత్రం మీరు ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది, కన్నపిల్లలకంటే శ్రద్ధగా పూటపూటా పలకరిస్తుంది. అలాంటిదాన్ని పీకి పారేయమంటారే, ఆ డాక్టర్లవి గుండెలా బండలా!

దాని విలువ ఎరిగిన మనిషి ఉదయగిరి కొండలయ్య. ఆయన చెక్క చెంచాలు చెక్కుతాడు. కొండ కింద వీధిలో, వాకిట్లో గోనెపట్టా వేసుకుని కూర్చుని, కట్టెను ఉలితో చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్ది, చెంచా కాడ మీద సన్నటి పూలు తీస్తాడు. ఊళ్లో గరిటెలు చెక్కేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, ఆయన తీసిన పువ్వును చూస్తే దాంతో పప్పు కలపడానికి చెయ్యి రాదు.

ఆ కొండలయ్య నోట్లో, పై దవడ కుడివైపున ఒక పన్ను పుచ్చింది. చుట్టూ చిగురు వాచింది. వేలితో నొక్కితే చీము వస్తుంది. మనలాంటి అజ్ఞానులు దాన్ని జబ్బు అంటాం. ఆయనకు మాత్రం అది కంటి కాపలాదారు. ఎందుకంటే పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది! ఈ సత్యాన్ని ఆయనకు వాళ్ల అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది. పై పళ్ల వేళ్లు తిన్నగా పోయి కళ్లలో తేలతాయట. ఇంత చిన్న విషయం మన కాలేజీల్లో చెప్పడం లేదంటే చదువులు ఎంత అడుగంటాయో చూసుకోండి.

పైగా పుచ్చిన పన్ను వల్ల మర్యాద పెరుగుతుంది. ఆదివారం చర్చిలో కొండలయ్య పక్కన బెంచీ మీద ఎప్పుడూ చోటు ఖాళీయే. ఆయన నోరు తెరిచి ఏదైనా చెబితే ఎంతటివాడైనా ఎదురు చెప్పకుండా మొహం పక్కకు తిప్పుకుని "సరే సరే" అంటాడు. ఎమ్మెల్యేకైనా అంత విలువ ఉంటుందా?

ఇక అది ఎంతమందికి పని కల్పించిందో! నమలడం కుదరక మింగేసే అన్నానికి కడుపు మండింది. కలిగిరిలో కడుపు డాక్టరు మాత్రలు రాశాడు. షుగరు పెరిగింది. నెల్లూరులో షుగరు డాక్టరు డోసు పెంచాడు. అయినా దిగలేదు. భార్య లిదియమ్మ అన్నం మానిపించి కొర్రలు వండింది, పొద్దున్నే కాకరకాయ రసం తాగించింది. షుగరు దిగలేదు సరికదా, కొండలయ్య మొహమే కాకరకాయలాగా తయారైంది. ఇంతమంది పెద్దవాళ్లు చూశారు కదా, ఒక్కరైనా "నోరు తెరువు" అన్నారా? ఎందుకంటారు? కడుపు డాక్టరు హద్దు కడుపు, షుగరు డాక్టరు హద్దు నెత్తురు. నోరు ఎవరి మండలంలోకీ రాదు.

అంతా సుఖంగా సాగుతుండగా కొండలయ్య కళ్లు మసకబారాయి. కుడికన్ను మరీను. ఒక పొద్దున ఉలి జారి బొటనవేలు తెగింది. లిదియమ్మ పసుపు అద్ది గుడ్డ చుట్టింది. ఆయన చెక్కుతున్న చెంచాను ఎత్తి చూసింది.

"ఇదేందయ్యా, పువ్వు తేలు మాదిరి ఉండాది" అంది.

కొండలయ్య ఆ చెంచా లాక్కుని గోనెపట్టా కింద దాచేశాడు. పదేళ్ల వయసులో పట్టిన ఉలి. అది చేతిలోంచి పోతే తాను వాకిట్లో కూర్చుని ఏం చేయాలి? ఆ రోజంతా ఆయన అన్నం దగ్గరకు రాలేదు.

ఆత్మకూరులో టీచరుగా ఉన్న కూతురు సుధారాణి వచ్చి ఆయన్నూ లిదియమ్మనూ బస్సెక్కించి, అక్కడి కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయింది. శుక్లం, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది అంది డాక్టరమ్మ. అంతలో ఆయన వాచిన చెంప చూసి, ఇన్నాళ్లలో ఎవరూ అనని మాట అంది.

"నోరు తెరువు పెద్దాయనా."

తెరిచాడు. ఆమె మాస్కు సరిచేసుకుంది.

"ఈ చీము ఉండగా నేను కంటికి కత్తి పెట్టను. ఇక్కడి క్రిములు నెత్తురులో పడి కంట్లోకి చేరితే ఉన్న చూపు కూడా పోతుంది. నీ షుగరు దిగకపోవడానికి కూడా ఇదొక కారణమే. ముందు పన్ను తీయించుకుని రా."

అయ్యా, ఇంతటి చిక్కు ఎవరికైనా వచ్చిందా? చూపు కావాలంటే పన్ను పీకించాలి. పన్ను పీకిస్తే చూపు పోతుంది! కొండలయ్య ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

"కంటికోసం వస్తే పన్ను పీకమంటాదేంది సుధా? మన వీధిలో నారాయణయ్య పీకించినాడు. ఏడాది తిరగకముందే చూపు పోయింది."

"ఆయనకు అప్పటికే ఎనభై దాటినాయి నాయనా. పీకించకపోయినా పోయేదే."

"నీకు తెలీదులే. మా అవ్వ చెప్పినాది."

సుధారాణి పిల్లలకు సైన్సు చెప్పే మనిషి. బొమ్మ గీసి మరీ చూపించింది. గాలికి పోయింది. చివరికి లిదియమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"ఏమయ్యా, పన్ను పెట్టుకుని గుడ్డోడివైతావా, పన్ను తీయించుకుని గుడ్డోడివైతావా? రెండోదాంట్లో నొప్పన్నా ఉండదు."

సైన్సుకు లొంగని కొండలయ్య ఈ లెక్కకు లొంగాడు.

పక్క వీధిలోనే పళ్ల డాక్టరు ప్రసన్నకుమారి. ఆమె ఇంజక్షన్ ఇచ్చి కళ్లు మూసుకోమంది. ఆయన మూయలేదు. చూపు పోయే క్షణాన్ని తాను కళ్లారా చూడాలి కదా! గోడమీది క్యాలెండర్‌ను గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు. పన్ను ఊడి పళ్లెంలో పడింది. క్యాలెండర్ గోడమీదే ఉంది. కొండలయ్య కళ్లవెంట నీళ్లు కారాయి. నొప్పికి అనుకుని డాక్టరమ్మ వీపు నిమిరింది.

"తాతా, మిగతా చిగుళ్లు కూడా బాగాలేవు. నేను శుభ్రం చేస్తాను కానీ, రోజూ పొద్దున తోముకున్నట్టే రాత్రి పడుకోబోయే ముందు కూడా తోముకోవాలి. నోట్లో చీము నోట్లో ఉండదు, గుండెదాకా పోతుంది" అంది. నోట్లో దూది ఉంది కాబట్టి ఆయన తలాడించాడు.

అవే మాత్రలకు ఈసారి షుగరు దిగింది. కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఎదురుగా భార్య కనిపించింది.

"ఏమ్మే, ఎప్పుడు ఇంత ముసలిదానివైనావు?"

"నువ్వు పన్నుకు కాపలా కాస్తా ఉన్నప్పుడు" అంది లిదియమ్మ. అన్నదే కానీ, ఆయన మళ్లీ ఉలి పట్టిన రోజున పక్కనే కూర్చుని, చెంచా కాడ మీద పువ్వు పూర్తయ్యేదాకా లేవలేదు.

ఇక ఉదయగిరి అంతా ఒకటే మాట. కొండలయ్య పన్ను పీకించినాడు, చూపు వచ్చినాది! మధ్యలో జరిగిన ఆపరేషన్ సంగతి టీ అంగడి దాటేసరికే రాలిపోయింది. కొండలయ్య కూడా కాదనలేదు. అవ్వ చెప్పింది నిజమే, పంటికీ కంటికీ సంబంధం ఉంది, కాకపోతే ఆమె తిరగేసి చెప్పింది అని తేల్చాడు.

ఆ వారమే చూపు తగ్గిన ముసలివాళ్లు ఆత్మకూరు బస్సు ఎక్కారు. రాయిలాంటి పళ్లున్న రోశమ్మ అందరికంటే ముందు కుర్చీలో కూర్చుని, కుడికన్ను మసగ్గా ఉంది, కుడివైపు పై పన్ను తీసెయ్యమంది. ప్రసన్నకుమారి ముందు నవ్వింది, తరవాత విసుక్కుంది, చివరికి ఒక బ్రష్షు చేతిలో పెట్టి, కంటి డాక్టరు దగ్గరకు పొమ్మని పంపేసింది.

రోశమ్మ ఊరికి వచ్చి తిన్నగా కొండలయ్య వాకిట్లోకి పోయింది.

"ఆ పిల్లకు వైద్యం రాదు కొండలయ్యా. పన్ను పీకమంటే రాత్రిపూట తోముకోమంటాది. పడుకోబోయే ముందు ఎవరన్నా పళ్లు తోముకుంటారా?"

"నాకూ అదే చెప్పింది" అన్నాడు కొండలయ్య చెంచా మీంచి తల ఎత్తకుండా. "ఒక్క రోజు కూడా తోమలా. ఎడమవైపు పైన ఇంకోటి పుచ్చతా ఉండాదిలే. ఆ పక్క కంటికి కూడా పొర వచ్చినాది, పనికొస్తాదని ఉంచినాను."