చెయ్యి ఆగితే పాట మాయం

టీ బండి దగ్గర నన్ను చూడగానే మీరంతా మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి. కానీ జరిగింది నా నోట వినండి. మన వీధి గాయని బు తుతిక్ చెప్పే కథలో నేను మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చానట. మోకాళ్ళ మాట నిజం. ఏడవలేదు.

బడిలో పిల్లల మనసులు సరిదిద్దడం నా ఉద్యోగం. మనిషి మనసు గురించి నాకు తెలిసినంత ఈ సోలో ఊళ్ళో మరొకరికి తెలియదని నా నమ్మకం. నా సిద్ధాంతం చాలా చిన్నది: మనిషి దేన్నీ ఎంచుకోడు. ముందు ఏది పెడితే దానికే అలవాటు పడతాడు. దీని మీద ఉపాధ్యాయుల పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నాను. అంటే, కంప్యూటర్ దొరికితే రాస్తాను.

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే. సాయంత్రమైతే దాని ముందు మా ఆవిడ వినార్తి ఉంటుంది. మన వీధి ఆడవాళ్ళ క్రోంచోంగ్ పాటల బృందానికి ఆమే పెద్ద. శనివారం పేటల మధ్య పోటీ. దానికోసం సొంతంగా ఒక పాట రాస్తోంది. ఒక మాట కొడుతుంది, కూనిరాగం తీస్తుంది, కిటికీలోంచి కాసేపు చూస్తుంది, ఆ మాట చెరిపేస్తుంది.

"బూ, ఇంకా ఎంతసేపు?" అంటాను.

"ఒక్క చరణం, మస్" అంటుంది మా ఆవిడ.

"నిన్నా ఒక్క చరణమే అన్నావు."

"ఇది ఆ చరణమే, మస్."

ఆ మధ్య నేనొక యాప్ పెట్టుకున్నాను. దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. నేను బెత్తం అంటాను. అందులో ఫైల్ తెరిచాక వేళ్ళు ఆగకూడదు. ఆగితే అక్షరాలు పాలిపోతాయి, పంక్తి తర్వాత పంక్తి మాయమైపోతుంది. బద్ధకపు రచయితలకు మంచి మందు. నేను వీపు గోక్కుంటుండగా నా వ్యాసం మొదటి పేజీ పోయింది. కాబట్టి బాగా పనిచేస్తుందని రూఢి అయింది.

"బూ, దీంట్లో రాయి. పాట చిటికెలో అయిపోతుంది."

"అలాగే, మస్."

మా ఆవిడ నోట 'కాదు' అన్న మాట నేనింతవరకూ వినలేదు. ఇల్లు నా చెప్పుచేతల్లో ఉందని మీ దగ్గర గొప్పగా చెప్పుకునేది అందుకే. ఆమె 'అలాగే' అని, తన పాత యాప్ తెరుచుకుని, మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

సరే, సిద్ధాంతం ఉండగా వాదనెందుకు? మర్నాడు పొద్దున ఆమె బజారుకు వెళ్ళగానే ఒక టెక్స్ట్ ఫైల్ మీద కుడి క్లిక్ కొట్టాను. 'దీనితో తెరువు' అన్నచోట బెత్తాన్ని ఎంచాను. 'ఎప్పుడూ ఇదే యాప్' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఎంత హాయి! ఒక మనిషి స్వభావం మార్చడానికి గొడవలు అక్కర్లేదు, చిన్న గడి చాలు. ఆమె వెళ్తూ పెట్టిపోయిన టీ, మన ఊరి పద్ధతిలో చిక్కగా, వేడిగా, తియ్యగా, గుటకలు వేస్తూ అనుకున్నాను: ఈ ఇంట్లో ఏది దేనితో తెరుచుకోవాలో చెప్పేవాణ్ణి నేను.

నాకు తెలియనిది ఒకటే. పాట ముందురోజే పూర్తయింది. ఆ సాయంత్రం మా ముందుగదిలో ఆఖరి సాధన.

ఆడవాళ్ళు వాద్యాలతో, మెండోఆన్ బజ్జీలతో దిగారు. అసలు గాయని బు తుతిక్. ఆవిడ ఒక అక్షరం అందుకుంటే, వదిలేలోగా బజ్జీ వేగి చల్లారిపోతుంది. పిల్లలు రబ్బరు తుతిక్ అంటారు. నేనూ అంటాను, మనసులో. "కాస్త చురుగ్గా పాడదామా, బూ?" అని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో మెత్తగా అడుగుతోంది. "అలాగే, జెంగ్" అని ఆవిడ ఇంకాస్త సాగదీస్తోంది.

మా ఆవిడ కంప్యూటర్‌కు టీవీ తగిలించి, పాట ఫైల్ మీద క్లిక్ కొట్టింది. టీవీ నిండా పెద్దపెద్ద అక్షరాలు. నా టిక్కు గుర్తొచ్చింది.

"వా..." అని అందుకుంది బు తుతిక్. వాన వెలిసిన వీధి అన్నది మొదటి పంక్తి. ఆవిడ 'వా' దాటి 'న' చేరేలోపే ఆ వీధి పాలిపోయింది.

"అయ్యయ్యో, పోతోంది! పాడండి, పాడండి!" అని కేకపెట్టింది పెద్ద వాయిద్యం మీటే బు సుమియాతి.

పాడారు. జోలపాటలా సాగాల్సింది గుర్రబ్బండిలా పరుగెత్తింది. వేణువు ఊదే ఆవిడకు ఊపిరి అందలేదు. పిల్లి లేచి వెళ్ళిపోయింది. నేను ఒక్క ఉరుకున కంప్యూటర్ ముందు మోకాళ్ళ మీద పడి, పాట చివర టైపు చెయ్యడం మొదలుపెట్టాను. వేళ్ళు ఆగకపోతే పాట మాయం కాదు కదా! ఏం కొట్టాలో తోచలేదు. ముక్కుకు తగిలిందే కొట్టాను: మెండోఆన్ వేడిగా ఉంది, మెండోఆన్ వేడిగా ఉంది.

టీవీకి కళ్ళప్పగించిన బు తుతిక్ అదీ పాడేసింది. శ్రుతి తప్పకుండా.

"పాక్ హస్తోమో, ఇది పాటా, వంటా?"

"పాటే, బూ! పాడుతూ ఉండండి!"

"మా జెంగ్ వినార్తి ఇలాంటివి రాయదే!"

చెమట కంట్లోకి దిగింది. తుడుచుకున్నాను. అంతే. టీవీ తెల్లగా అయిపోయింది. తెల్లారితే పోటీ. ఆమె సాయంత్రాలన్నీ నేను పెట్టిన ఒక్క టిక్కులో కలిసిపోయాయి. మా ఆవిడ మొహం చూసే ధైర్యం లేక బజ్జీల పళ్ళెం చూస్తూ ఉండిపోయాను.

"బు తుతిక్, ఎంత చురుగ్గా పాడారు! రేపూ అచ్చం ఇలాగే" అంటూ మా ఆవిడ సంచిలోంచి అచ్చువేసిన కాగితాలు తీసి అందరికీ పంచింది. విచిత్రం, కాగితం మీద ఏదీ మాయం కాకపోయినా వాళ్ళు పరుగెత్తుతూనే ఉన్నారు. భయం కూడా అలవాటే మరి.

శనివారం మొదటి బహుమతి మన వీధికే వచ్చింది. బు తుతిక్ పట్టుబట్టి ఉంచుకున్న మెండోఆన్ చరణానికి జనం ఈలలు వేశారు. ఇదంతా మీకు తెలుసు. మీకు తెలియనిది, ఆ సాధన రోజు సాయంత్రం ఆడవాళ్ళు వెళ్ళాక జరిగింది.

"నీకు ముందే తెలుసా, బూ?" అని టీ గ్లాసు అందుకుంటూ అడిగాను.

"బజారు నుంచి రాగానే తెరిచి చూశాను, మస్. మాటలు పాలిపోతున్నాయి. ఫోన్‌లో ఇంకో కాపీ ఉందిలెండి. దీన్ని పాత యాప్‌కు మార్చేశాను."

"మార్చేశావా! మరి సాయంత్రం..."

"బు తుతిక్ సాగదీత గుర్తొచ్చింది. మళ్ళీ మీ బెత్తానికే మార్చాను."

నేను ఓడిపోలేదని అప్పటికీ అనిపించింది. "చూశావా, నా సిద్ధాంతమే గెలిచింది! ముందు ఏది పెడితే దానికే..."

"నేను కాదన్నానా, మస్? మీ టీలో చక్కెర వెయ్యడం లేదు, గమనించారా?"

"ఏ టీలో?"

"చేతిలో ఉందే, అందులో. డాక్టరు వద్దన్నప్పుడు మీరు ఒప్పుకోలేదు కదా. ఉపవాస మాసంలో అర చెంచా తగ్గించాను. మీరు ఆహా అన్నారు. ఇంకో అర చెంచా తగ్గించాను. మళ్ళీ ఆహా అన్నారు."

ఒక గుటక తాగాను. పొద్దుటిదాకా తియ్యగా ఉన్న టీ నోట్లో చేదెక్కింది. ఇన్నాళ్ళూ ఆ తీపి నా తలలో ఉంది, గ్లాసులో లేదు.

పౌరుషం వచ్చింది. నా ఇల్లు, నా టీ, నా చక్కెర! వంటింట్లోకి నడిచి వరసగా డబ్బాల మూతలు తీశాను. ఉప్పు. ఎండు రొయ్యలు. ధనియాలు. మళ్ళీ ఉప్పు.

"బూ, చక్కెర ఎక్కడుంది?"

ముందుగదిలో కంప్యూటర్ ముందు కుర్చీ కిర్రుమంది. కొత్త కూనిరాగం ఒకటి మొదలైంది. దాని మధ్యలోంచి జవాబు వచ్చింది:

"అలాగే, మస్."