వంతెన మీద ఆగిన బాకాలు

ఊరి వార్షికోత్సవం రోజున షెరిఫ్ మెర్ల్ స్టెనెరుడ్ పెట్టుకున్న పని ఒక్కటే: గుర్రమెక్కి ఊరేగింపుకు ముందు నడవడం. జీను తుడుస్తుండగా ఫోను మోగింది. పొరుగు రాష్ట్రమైన నార్త్ డకోటా వైపు నుంచి సైనిక ట్రక్కులు వస్తున్నాయట.

గవర్నరు అనుమతి లేనిదే పొరుగు రాష్ట్రపు సైనికులు మోంటానాలో అడుగు పెట్టకూడదన్న చట్టం మెర్ల్‌కు కంఠతా వచ్చు. దాన్ని వాడే అవకాశమే ఇన్నేళ్ళూ రాలేదు. పరుగున వెళ్ళి సరిహద్దు వంతెనకు అడ్డంగా జీపు పెట్టేశాడు.

ట్రక్కులోంచి కెప్టెన్ బ్రాండ్‌వోల్డ్ దిగి, తమది సైనిక వాద్యబృందమనీ, మేయరమ్మ పిలిస్తే వచ్చామనీ చెప్పాడు. మేయరు ఒడెట్ మెర్ల్ భార్యే. కానీ అప్పటికే జనం మూగారు. చట్టం బాకాలకూ వర్తిస్తుందని మెర్ల్ బిగుసుకున్నాడు. పోనీ వెనక్కి వెళ్ళమంటే, అందుకు తమ గవర్నరు మళ్ళీ ఆజ్ఞ ఇవ్వాలన్నాడు కెప్టెన్. వెనక పశువుల లారీలు బారులు తీరాయి. ఇంతలో ఒడెట్ రానే వచ్చింది.

"నిన్న భోజనాల దగ్గర చెప్పాను కదా మెర్ల్. తలూపావు."

"నేను తలూపింది బంగాళాదుంపలకి."

ఏటి ఒడ్డున చేపలు పడుతున్న మోంటానా గవర్నరును వెతికి పట్టుకునేసరికి ఎండ నడినెత్తికెక్కింది. అనుమతి వచ్చింది. రాష్ట్రంలో ఉన్నంతసేపూ బృందం రాకపోకలు గవర్నరు అధీనంలో ఉంటాయి, ఊరేగింపు అయ్యేదాకా ఆయన తరఫున షెరిఫ్ చూసుకోవాలి. మెర్ల్ ఛాతీ ఉబ్బింది. గుర్రం మీంచే ఏ పాట వాయించాలో ఆజ్ఞలిచ్చాడు. ఊరేగింపు అదిరిపోయింది.

సాయంత్రం ఇక బయల్దేరమంటే కెప్టెన్ కదల్లేదు.

"ఆ ఆజ్ఞ మీ గవర్నరే ఇవ్వాలి సార్. పొద్దున చట్టం చెప్పింది మీరే."

గవర్నరు మళ్ళీ ఏటికి వెళ్ళిపోయాడు. బృందమంతా మెర్ల్ గడ్డిసావిడిలో పడుకుంది.

తెల్లవారగానే పడగ్గది కిటికీ కింద మేలుకొలుపు బాకా మోగింది. మెర్ల్ లుంగీలా చుట్టుకున్న దుప్పటితోనే బయటికొచ్చి ఆపమన్నాడు. కెప్టెన్ వినయంగా తల అడ్డంగా ఊపాడు.

"క్రమశిక్షణ మా గవర్నరుది సార్. రాకపోకలు మీ గవర్నరువి."

"మరి నా చేతిలో ఏముందయ్యా?"

ఒడెట్ వెనక నుంచి వచ్చి బృందం టిఫినుకి కలిపిన పాన్‌కేకుల పిండి గిన్నె అతని చేతిలో పెట్టింది.